సీసాలో పెరిగే మంచు స్ఫటికం: ప్రాజెక్టు డైరీ

ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న పిల్లల కోసం "మంచు ఎలా తయారవుతుంది" అనే చిన్న పాఠం రాస్తున్నాను. ఆ పాఠం చదివే బల్ల మీదే, పిల్లల కళ్ళ ముందు, ఒక మంచు స్ఫటికం పెరిగేలా చెయ్యడం ఈ ప్రాజెక్టు. చాలా పాఠాల్లో "వాన చుక్కలు గడ్డకట్టి మంచు అవుతాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజం కాదు. వాన చుక్క గడ్డకడితే నున్నటి ఐసు గుళిక అవుతుంది గానీ దానికి ఆరు కొమ్మలు రావు. మంచు స్ఫటికం గాల్లోని నీటి ఆవిరితో పెరుగుతుంది. ఆవిరి అణువులు నీరుగా మారకుండానే నేరుగా ఐసు మీద చేరి అతుక్కుంటాయి. దీన్ని నిక్షేపణం అంటారు. వాక్యం చిన్నదిగా ఉండాలంటే సరే, తప్పుగా ఉంటే మాత్రం ఒప్పుకోలేం. అందుకే ప్రతి దశకీ ఒకటే పరీక్ష పెట్టాను: ఆవిరి ఐసుగా మారడం పిల్లలకి కనిపిస్తోందా, లేదా?

దశ 1: ఉప్పు, ఐసు, స్టీలు గ్లాసు

డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) దొరకని చోట కూడా చేసుకోగలిగేది ఇదే కాబట్టి దీనితోనే మొదలుపెట్టాను.

1. ఐసుని మెత్తగా కొట్టి, బరువులో మూడు వంతుల ఐసుకి ఒక వంతు ఉప్పు కలిపాను.
2. పొడిగా తుడిచిన స్టీలు గ్లాసులో నింపి కదపకుండా ఉంచాను.
3. గ్లాసు బయటి వైపు భూతద్దంతో చూస్తూ కూర్చున్నాను.

ఉప్పు, ఐసు మిశ్రమం సిద్ధాంతం ప్రకారం −21°C దాకా దిగగలదు. నా గ్లాసులో థర్మామీటరు −17 దగ్గర ఆగింది. ఐసు ఇంకా మెత్తగా కొట్టి ఉంటే మరో డిగ్రీ, రెండు డిగ్రీలు దిగేదేమో గానీ ఈ పనికి అంత అవసరం లేదు.

గ్లాసు మీద తెల్లటి పొర వచ్చింది. దూరం నుంచి చూస్తే పని అయిపోయినట్టే ఉంటుంది. భూతద్దం కింద చూస్తే అసలు సంగతి తెలిసింది: పొరంతా చిన్న చిన్న నున్నటి బుడిపెలే. గ్లాసు చల్లబడుతున్నప్పుడు ముందు దాని మీద నీటి చుక్కలు పట్టాయి, తర్వాత అవి గడ్డకట్టాయి. పైఅంచు దగ్గర మాత్రం, గడ్డకట్టిన చుక్కల మీద నుంచి సన్నటి ఈకలు కొన్ని లేచాయి. అవి ఆవిరితో పెరిగినవి. కానీ చుక్కలూ ఈకలూ కలిసిపోయి ఉండడంతో ఏది ఎలా పుట్టిందో పిల్లలకి విడదీసి చూపించడం కుదరదు.

గ్లాసుని పక్కన పడెయ్యలేదు. చుక్క గడ్డకడితే ఎలా ఉంటుందో చూపించడానికి ఇది చాలా పనికొస్తుంది.

ఇప్పటిదాకా: డ్రై ఐస్ 0. కొమ్మలు స్పష్టంగా కనిపించిన స్ఫటికాలు 0.

దశ 2: ఫ్రీజర్‌లో మేఘం

పిల్లలకి ముందు మేఘం చూపించాలి. సున్నా కంటే ఎంతో చల్లగా ఉన్న మేఘంలో కూడా చుక్కలు నీరుగానే ఉండిపోతాయన్నది ఈ కథలో అన్నిటికంటే వింతైన భాగం. మేఘంలోని చుక్క వ్యాసం సుమారు 0.02 మి.మీ. ఉంటుంది. అంత చిన్న శుభ్రమైన చుక్క దానంతట అది గడ్డకట్టాలంటే ఉష్ణోగ్రత దాదాపు −38°C దాకా దిగాలి. అంతకంటే ముందే గడ్డకట్టాలంటే ఐసు అణువుల అమరిక మొదలవడానికి ఒక ఆధారం కావాలి. బంకమట్టి ధూళి లాంటివి ఆ పని చేస్తాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా అయితే −2°C దగ్గరే చుక్కని గడ్డకట్టించగలవు.

పక్కకి తెరుచుకునే ఫ్రీజర్ పనికిరాలేదు. తలుపు తియ్యగానే చల్లగాలి, బరువు ఎక్కువ కదా, కింద నుంచి జారిపోయింది. పైకి తెరుచుకునే ఫ్రీజర్‌కి మారాను. మొదట దొరికిన దాంట్లో లోపల ఫ్యాన్ ఉంది. ఆ గాలికి పొగమంచు ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఫ్యాన్ లేనిదే కావాలి.

పని చేసిన పద్ధతి ఇది:

1. ఫ్యాన్ లేని ఫ్రీజర్ అడుగునా గోడలకీ నల్లటి గుడ్డ పరిచాను. రాత్రంతా −18°C దగ్గర ఉంచాను.
2. మూత తీసి, లోపలికి మెల్లగా ఊపిరి వదిలాను. పొగమంచు పట్టింది.
3. పక్క నుంచి టార్చ్ వేశాను. మసకగా, ఒకేలా ఉన్న బూడిదరంగు పొగ కనిపించింది. ఎక్కడా మెరుపు లేదు. అంటే అన్నీ నీటి చుక్కలే, −18 దగ్గర కూడా.
4. చిటికెడు డ్రై ఐస్ పొడిని పట్టకారుతో పొగమంచులోకి వదిలాను.

పొడి రాలిన దారి వెంట కొన్ని క్షణాల్లోనే మెరుపులు మొదలయ్యాయి. ఒక్కో మెరుపూ తిరుగుతూ వెలిగి ఆరుతోంది. అది ఒక్కో చిన్న స్ఫటికం. బల్లపరుపు ముఖాల మీద కాంతి పడి తిరిగి వస్తోంది. కాసేపటికి మెరుపులు పెరిగాయి, పొగ పలచబడింది. ఈ రెండూ ఒకేసారి జరగడమే ఇక్కడ గమనించాల్సిన విషయం. చుక్కలు స్ఫటికాలకి తగిలి గడ్డకట్టడం వల్ల కాదు ఇది. చుక్కలు ఆవిరైపోతున్నాయి, ఆ ఆవిరి స్ఫటికాల మీద చేరుతోంది. కారణం ఒత్తిడిలో తేడా. −15°C దగ్గర నీటి మీద సంతృప్త ఆవిరి పీడనం (గాల్లో ఇక ఆవిరి ఇమడని స్థితిలో ఆ ఆవిరి ఒత్తిడి) 1.91 హెక్టోపాస్కల్, ఐసు మీద 1.65. చుక్కలకి సరిపోయినంత ఆవిరి గాల్లో ఉంటే ఐసుకి అది దాదాపు 16 శాతం ఎక్కువన్నమాట. అందుకే ఐసు పెరుగుతుంది, చుక్క తరుగుతుంది.

ఒక లెక్క కట్టి చూశాను. 0.02 మి.మీ. చుక్క బరువు ఒక గ్రాములో సుమారు 24 కోట్లలో ఒక వంతు అంటూ చెప్తే పిల్లలకి ఎక్కదు. తిప్పి చెప్పాను: ఒక మిల్లీగ్రాము బరువున్న పెద్ద స్ఫటికం పెరగాలంటే అలాంటి చుక్కలు రెండు లక్షలకి పైగా ఆవిరవ్వాలి. ఈ అంకె వాళ్ళకి బాగా పట్టింది.

ఈ ప్రయోగం నా సొంతం కాదు. 1946 జులైలో విన్సెంట్ షేఫర్ జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో ఫ్రీజర్‌లోకి ఊపిరి వదిలి, దాన్ని ఇంకా చల్లబరుద్దామని డ్రై ఐస్ వేసినప్పుడు ఇదే కనిపించింది. అదే ఏడాది నవంబరులో ఆయన విమానం ఎక్కి నిజమైన మేఘంలో డ్రై ఐస్ చల్లాడు.

డ్రై ఐస్ లేనివాళ్ళు బుడగల ప్యాకింగ్ కవరు ఒక ముక్క ఫ్రీజర్‌లో చల్లబరిచి, పొగమంచు మధ్యలో ఒక బుడగ చిట్లించండి. లోపలి గాలి ఒక్కసారి వ్యాకోచించి ఆ చోట క్షణకాలం విపరీతంగా చల్లబడుతుంది. దాంతోనూ మెరుపులు వస్తాయి, కాకపోతే తక్కువ.

ఇక్కడ ఆగిపోయింది ఎక్కడంటే, స్ఫటికాలు మరీ చిన్నవి. మెరుపు కనిపిస్తుంది, ఆకారం కనిపించదు. కొమ్మలు చూడాలంటే ఒక్క స్ఫటికాన్ని ఒకే చోట చాలాసేపు నిలబెట్టి పెంచాలి.

ఇప్పటిదాకా: డ్రై ఐస్ అర కిలో. కొమ్మలు కనిపించిన స్ఫటికాలు 0.

దశ 3: సీసా

స్ఫటికాన్ని నిలబెట్టి పెంచడం మొదట సాధించినది జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో ఉకిచిరో నకాయా. 1936 మార్చిలో, చలిగదిలో, కుందేలు వెంట్రుక కొసన ఆయన స్ఫటికాన్ని పెంచాడు. సీసా పద్ధతిని అమెరికాలోని కాల్‌టెక్ భౌతిక శాస్త్రవేత్త కెన్నెత్ లిబ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చాడు. నేను పట్టుకున్నది దాన్నే.

ముందు జాగ్రత్తలు, ఎందుకంటే ఇక్కడి నుంచి డ్రై ఐస్ కిలోల్లో వాడాలి. దాని ఉష్ణోగ్రత −78.5°C. చేత్తో ముట్టుకుంటే చర్మం కాలినట్టు దెబ్బతింటుంది, మందపాటి గ్లవ్స్ ఉండాలి. అది కరగదు, నేరుగా కార్బన్ డయాక్సైడ్ వాయువు అవుతుంది. ఆ వాయువు గాలికంటే బరువు, నేల దగ్గర పేరుకుంటుంది. కిటికీలు తీసి ఉంచాలి, పిల్లల్ని నేల మీద కూర్చోబెట్టకూడదు. మూత బిగించిన ఏ సీసాలోనూ డ్రై ఐస్ వెయ్యకూడదు, పేలుతుంది. ఈ ప్రయోగంలో డ్రై ఐస్ ఎప్పుడూ సీసాకి బయటే ఉంటుంది.

మొదటి అమరికలో సీసాని మామూలుగా నిలబెట్టి, అడుగున తడిదూది పెట్టి, మధ్యలో దారం వేలాడదీసి, చుట్టూ డ్రై ఐస్ పోశాను. కొన్ని నిమిషాల్లో దూది రాయిలా బిగుసుకుపోయింది. అడుగు గోడలకి కాస్త తెల్లపొర. దారం మీద ఏమీ లేదు. విప్పి చూస్తే కారణం తేలికే: ఆవిరి ఇవ్వాల్సిన తడే అన్నిటికంటే చల్లటి చోట ఉంది. అంత చలిలో ఐసు నుంచి వచ్చే ఆవిరి లెక్కలోకి రాదు.

సీసాని తలకిందులు చేశాక మొత్తం మారిపోయింది. తడి స్పాంజి పైన, గది ఉష్ణోగ్రతకి దగ్గరగా. చలి కింద. దీనివల్ల రెండు లాభాలు. స్పాంజి గడ్డకట్టదు, ఆవిరి వస్తూనే ఉంటుంది. రెండోది అంతకంటే ముఖ్యం: వెచ్చటి గాలి పైనా చల్లటి గాలి కిందా ఉంటే ఆ గాలి కదలదు. ఏ ఎత్తులో ఏ ఉష్ణోగ్రతో అది అలాగే నిలుస్తుంది. ఆవిరి మెల్లగా కిందకి వ్యాపిస్తూ, చల్లటి పొరలోకి వచ్చేసరికి అక్కడ ఇమడలేనంత ఎక్కువైపోయి, దారాన్ని పట్టుకుంటుంది.

చేసిన వరస:

1. అర లీటరు ప్లాస్టిక్ సీసాని అడుగుకి రెండు సెంటీమీటర్ల పైన చుట్టూ కోశాను.
2. ఆ అడుగు ముక్కలో స్పాంజి బిగుతుగా పెట్టి, బయట నుంచి గుండుసూదులు గుచ్చి నిలిపాను.
3. సూదితో నైలాన్ దారాన్ని అడుగు మధ్య నుంచి, స్పాంజిలోంచి దూర్చాను. కింది కొసన పేపర్ క్లిప్ బరువుగా కట్టాను. క్లిప్ గోడలకి తగలకూడదు.
4. స్పాంజి తడిపి, చుక్క కారకుండా పిండాను.
5. అడుగు ముక్కని తిరిగి అమర్చి చుట్టూ టేప్ వేశాను. సీసా మూత బిగించాను.
6. సీసాని తలకిందులుగా థర్మాకోల్ డబ్బాలో నిలబెట్టి, చుట్టూ డ్రై ఐస్ పొడి పోశాను. సీసా ఎత్తులో సగానికి కొంచెం పైదాకా.

ఒక్కో విడతకి డ్రై ఐస్ కిలోన్నర పట్టింది.

మార్చినవి, ఎందుకు మార్చానో:

దారం. కుట్టుపని నూలు దారం మీద నూగు ప్రతిదీ ఒక స్ఫటికానికి ఆధారమైంది. దారమంతా బొచ్చులా తెల్లబడింది, ఒక్క కొమ్మ కూడా విడిగా కనిపించలేదు. చేపల గాలానికి వాడే నైలాన్ 0.3 మి.మీ.ది తెచ్చాను. మెరుగే, అయినా కిక్కిరిసి వచ్చాయి. 0.1 మి.మీ.కి దిగాక ఒక్కో స్ఫటికం మధ్య ఖాళీ దొరికింది. నకాయా నూలూ ఉన్నీ వదిలి కుందేలు వెంట్రుక దాకా ఎందుకు వెళ్ళాడో నూలు దారాన్ని చూశాక బాగా అర్థమైంది.

డ్రై ఐస్ ముక్కల సైజు. పెద్ద ముక్కల మధ్య ఖాళీల వల్ల సీసా ఒక పక్క ఎక్కువ చల్లబడింది, స్ఫటికాలు గోడకి పెరిగాయి. అర సెంటీమీటరు కంటే చిన్నగా కొట్టి, పది నిమిషాలకోసారి కాస్త కుదిపి సర్దితే ఆ గొడవ పోయింది.

టేప్ సందు. కోత దగ్గర సందు ఉంటే గది గాలి లోపలికి దూరి, లోపలి గాలి కదలికలు మొదలై, స్ఫటికాలు కోత కిందే గుంపుగా పుడతాయి. రెండు చుట్లు టేప్ వేశాను.

బయటి మసక. డ్రై ఐస్ మట్టానికి పైన సీసా బయటివైపు తేమ పట్టి ఏమీ కనిపించదు. పొడిగుడ్డతో అప్పుడప్పుడు తుడవడం తప్ప వేరే దారి దొరకలేదు. వెనక నల్ల కాగితం, పక్క నుంచి టార్చ్. ఎదురుగా వేస్తే సీసా మెరుపు తప్ప ఏమీ కనపడదు.

ఉష్ణోగ్రత కొలతకి సన్నటి థర్మోకపుల్ వాడాను, పక్కనుంచి చిన్న కన్నంలో దూర్చి. మామూలు డిజిటల్ థర్మామీటర్లు ఇంత చలికి చాలవు. కొలతలు:

స్పాంజికి ఒక సెం.మీ. కింద: 6°C
డ్రై ఐస్ పైమట్టానికి రెండు సెం.మీ. పైన: −5°C
పైమట్టానికి కాస్త పైగా: −14 నుంచి −16°C
క్లిప్ దగ్గర: −60 కంటే తక్కువ

కొలవడం అయ్యాక థర్మోకపుల్ తీసెయ్యాలి. ఉంచితే దాని మీదే మంచు పేరుకుని, దారానికి ఆవిరి మిగలదు.

ఎనిమిదో నిమిషంలో దారం మీద తెల్లటి చుక్కలు. ఇరవై నిమిషాలకి, −15 దగ్గర, మూడు మిల్లీమీటర్ల కొమ్మ, దానికి పక్కకొమ్మలు. యాభై నిమిషాలకి ఏడు మిల్లీమీటర్లు. భూతద్దంలో కొమ్మ తెల్లగా లేదు, అద్దంలా పారదర్శకంగా ఉంది. పక్కకొమ్మలన్నీ ఒకదానికొకటి సమాంతరంగా, తల్లికొమ్మకి సరిగ్గా 60 డిగ్రీల కోణంలో. ఐసులో నీటి అణువులు ఆరు భుజాల వలగా అమరుతాయి. ఆ అమరికే ఏడు మిల్లీమీటర్ల కొమ్మ మీద కంటికి కనిపిస్తోంది. దీని దగ్గర చాలాసేపు ఉండిపోయాను. గంట దాటాక కొమ్మలు ఒకదాని ఆవిరి ఒకటి లాక్కుంటూ ఇరుకైపోయాయి.

ఒక విడతలో స్పాంజి సరిగా పిండక, ఒక చుక్క దారం వెంట జారి మధ్యలో గడ్డకట్టింది. గుండ్రటి నున్నటి పూస. దానికి సెంటీమీటరు పైన కొమ్మల స్ఫటికం. చుక్క గడ్డకడితే ఇది, ఆవిరి చేరితే అది, రెండూ ఒకే దారం మీద, ఒకే చూపులో! దశ 1లో విడదీయలేకపోయింది ఇక్కడ దానంతట అదే విడిపోయింది. అప్పటి నుంచి పిల్లలకి చూపించే సీసాలో, మొదలుపెట్టే ముందు సిరంజితో దారం వెంట ఒక చుక్క కావాలనే వదులుతున్నాను.

ఇప్పటిదాకా: డ్రై ఐస్ ఎనిమిది కిలోలు, నిల్వలో ఆవిరైపోయింది కాకుండా. రాత్రంతా నిలవుంచొద్దు, చిన్న డబ్బాలో అయితే తెల్లారేసరికి చాలా తరిగిపోతుంది. కొమ్మలు స్పష్టంగా వచ్చిన దారాలు మూడు.

దశ 4: కార్డులు, పిల్లలు

పాఠాన్ని ఆరు కార్డులుగా రాశాను, కార్డుకి ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం: మేఘంలో చల్లటి నీటి చుక్కలు ఉంటాయి. ధూళి మీద చిన్న ఐసు మొదలవుతుంది. గాల్లోని ఆవిరి ఐసుకి అతుక్కుంటుంది. కొమ్మలు పెరుగుతాయి. స్ఫటికాలు కిందకి పడతాయి. కింద గాలి వెచ్చగా ఉంటే కరిగి వానగా వస్తాయి.

ఆరో కార్డు నేను పట్టుబట్టి ఉంచింది. భూమి మీద చాలా ప్రాంతాల్లో కురిసే వానలో ఎక్కువ భాగం పైన మంచుగా మొదలైనదే. వాన గడ్డకట్టి మంచు అవడం కాదు, మంచు కరిగి వాన అవడం. పాఠాల్లో రాసేదానికి ఇది పూర్తిగా ఎదురు.

మొదట కార్డులు చదివించి తర్వాత సీసా చూపించాను. పిల్లలు మాటలు పలికారు గానీ, సీసా ముందు ఆ మాటలు ఎవరి నోటా రాలేదు. వరస మార్చాను: గ్లాసు, ఫ్రీజర్, సీసా చూపించి, స్ఫటికం పెరుగుతుండగా కార్డులు కలిపేసి ఇచ్చి, వరసలో పేర్చమన్నాను. ఇప్పుడు ఒక్కో కార్డు పట్టుకుని సీసా దగ్గరికి పరిగెత్తి చూసుకుని వస్తున్నారు.

ఒక పాప దారం మీద పూసని చూపించి అడిగింది: "టీచర్, అది కూడా మంచేనా?"

"నువ్వే చూసి చెప్పమ్మా. దానికి కొమ్మలున్నాయా?"

"లేవు. అది చుక్క, గడ్డకట్టింది."

ఆ మాటే కార్డులో చేర్చాను. కార్డులు ఏడయ్యాయి.

పిల్లలకి తప్పనిసరిగా చెప్పాల్సినవి రెండున్నాయి. సీసాలోవి దారం నుంచి పెరుగుతాయి కాబట్టి ఆరు కొమ్మలూ పూర్తిగా రావు. గాల్లో తేలుతూ పెరిగేదానికే అన్ని వైపులా చోటు దొరుకుతుంది. ఆ ఆరు కొమ్మలూ ఒకే దారిలో, ఒకే చలినీ ఒకే తేమనీ దాటుకుంటూ వస్తాయి కాబట్టి ఒకదానికొకటి పోలి ఉంటాయి. పక్క స్ఫటికం వచ్చిన దారి వేరు, అందుకే దాని రూపం వేరు. రెండోది: ఎనిమిది కొమ్మల నక్షత్రం బొమ్మ గీసి మంచు అని రాస్తే దిద్దాలి. నేను తెప్పించిన రంగుల కాగితాల్లో సగం అవే ఉన్నాయి, పక్కన పెట్టేశాను.

మిగిలిన పని

−5°C దగ్గర కొమ్మలు కాదు, సన్నటి సూదులు రావాలి. నకాయా గీసిన పటం ప్రకారం −2 దగ్గర పలకలు, −5 దగ్గర సూదులు, −15 దగ్గర కొమ్మల నక్షత్రాలు. నా దారం మీద −5 ఎత్తులో సూదుల్లాంటివి వచ్చాయి గానీ ఫొటోలో తేలనంత సన్నగా ఉన్నాయి. ఆ చోట ఉష్ణోగ్రత చాలా త్వరగా మారిపోతోంది: సెంటీమీటరుకి దాదాపు ఐదు డిగ్రీలు. పొడవాటి ఒక లీటరు సీసా వాడి, డ్రై ఐస్ మట్టం తగ్గిస్తే ఆ మార్పు నెమ్మదించి, −5 పొర మందం పెరగాలి. సీసా కోసి పెట్టాను. స్పాంజి రెండు పొరలుగా పెట్టాలి, కొలతలు సెంటీమీటరుకి ఒకటి చొప్పున తియ్యాలి, థర్మోకపుల్ ఈసారి ముందే కొలిచి తీసెయ్యాలి.